మడత జాలీ తెర – 3వ భాగం: ముడి

పోయిన భాగంలో బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టిన వెదురు బద్దలు ఈపాటికి నీడలో ఆరి ఉంటాయి. తొందరపడి ఎండలో వేసినవారి బద్దలు వంకర పోయి ఉంటే వాటిని పెరట్లో దడికి వాడుకోండి, ఈ పనికి రావు.

మన తెరకు మూలం మంగోలియా సంచార కాపరుల ఇల్లు, గెర్. దాని జాలీ గోడను ఖనా అంటారు. సన్నని విల్లో కర్రలను ఏటవాలుగా పేర్చి, కలిసిన చోటల్లా ఒంటె తోలు పట్టీతో ముడివేస్తారు. లాగితే గోడ, దగ్గరికి నొక్కితే కర్రల కట్ట. ఇంటి పరిమాణాన్ని కూడా ‘ఐదు ఖనాల ఇల్లు’ అనే లెక్కలోనే చెబుతారు. ఈ పనితనాన్ని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మనం విల్లో బదులు వెదురు, తోలు బదులు 3 మి.మీ. నూలు తాడు వాడుతున్నాం.

బద్ద పొడవు 160 సెం.మీ. రెండు చివర్లా 5 సెం.మీ. వదిలి, 15 సెం.మీ.కు ఒకటి చొప్పున 11 రంధ్రాలు గుర్తించండి. కణుపు మీద బిట్ జారుతుంది కాబట్టి ముందే ఆ ఎత్తు చెక్కేయండి. కింద చెక్కముక్క ఆనించి, 4 మి.మీ. బిట్‌తో నిదానంగా తొలవండి. ఆనిక లేకపోతే బిట్ బయటికొచ్చే వైపు పీచు లేస్తుంది.

కుడికి వాలిన బద్దలన్నీ వెనక, ఎడమకు వాలినవన్నీ ముందు. తడక అల్లినట్లు కిందికీ పైకీ తిప్పారో, తెర మడవదు. బద్దల లోపలి వైపులు ఒకదానికొకటి ఆనాలి, నున్నటి పచ్చ వైపులు బయటికి.

ఇక ముడి. పచ్చితోలు ఆరేకొద్దీ గట్టిపడి ముడిని పట్టేస్తుంది. నూలుకు ఆ గుణం లేదు, అందుకే తాడుకు తేనెమైనం రుద్దాలి. తాడు చివర సాదా ముడి వేసి, వెనకనుంచి రెండు రంధ్రాల్లో దూర్చి, ముందు వైపు రెండు ముళ్లు వేయండి. ఇప్పుడు ఒక బద్దను పట్టుకుని రెండోదాన్ని తోసి చూడండి. లోలకంలా ఊగితే వదులు, కదలకపోతే బిగువు. తోసిన చోట నిలవాలి. ఊగుతుందేమోనన్న భయంతో నా మొదటి తెరకు ముళ్లన్నీ బిగించాను. మడవబోతే ఒక బద్ద రంధ్రం దగ్గర మొదలై చివరిదాకా నిలువునా చీలింది. వారం పని.

ఈ వారం అభ్యాసం: నాలుగే బద్దలతో, నడిమి రంధ్రాల దగ్గర ఒకే ఒక్క గడి కట్టండి. వెడల్పు 18 సెం.మీ. ఉంచితే గడి ఎత్తు 24 రావాలి, 24కు లాగితే 18కి దిగాలి. పూర్తి తెరలో అదే 120 సెం.మీ. ఎత్తు 90కి దిగడం. కొలత కుదరకపోతే ముడిని అనుమానించకండి, రంధ్రాల మధ్య దూరం మళ్లీ కొలవండి.

వచ్చే భాగానికి పాత గొంగడి ఒకటి వెతికి ఉంచండి.