యూఎస్ కాల్స్ ఉన్నవాళ్లు ఇల్లూ ఆఫీసూ కలిపి నడుపుకోవడం ఎలా

9 నుంచి 6 దాకా ఆఫీసు, ఆ తర్వాత ఇల్లు అని గీత గీసుకోవడం యూఎస్ క్లయింట్ ఉన్నవాళ్లకి కుదరదండి. నేను మియాపూర్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ రెండేళ్లు ప్రయత్నించాను, రోజూ సాయంత్రం కాల్స్ మొదలవగానే ఆ గీత చెరిగిపోయేది, ఆ చిరాకంతా మా బాబు మీద చూపించేదాన్ని. ఇప్పుడు రెండూ కలిపేశాను, ఇంట్లో అందరం కుదుటపడ్డాం.

ముందు క్లయింట్ టైం చూసుకోండి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30, నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పట్నుంచి 7:30, మళ్లీ మార్చి రెండో ఆదివారం నుంచి 6:30. ఈ ఒక్క గంటతో అన్నాలు, హోంవర్కు, నిద్ర అన్నిటి టైం మారిపోతుంది, అందుకే ముందు వారమే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. మేం చలికాలంలో కాల్స్‌కి ముందే 7కి తినేస్తాం, మిగతా రోజుల్లో కాల్స్ అయ్యాక 9కి.

రాత్రి ఆఫీసుకి ఇచ్చిన గంటలు పొద్దున ఇంటికి తెచ్చుకోవాలి. చాలామంది రాత్రి 10 దాకా చేసి పొద్దున 9కే లాగిన్ అయిపోతారు, అలా చేస్తే అది కలపడం కాదు, ఇంటిని తినేయడం. నేను 11కి లాగిన్ అవుతాను, ఆలోపు స్కూల్ బస్సు, కూరగాయలు, అత్తయ్యగారి షుగర్ టెస్టు, బ్యాంకు పని. ఇవన్నీ ఆఫీసు క్యాలెండర్‌లోనే బిజీ అని పెట్టేయండి, ఇంటికి వేరే క్యాలెండర్ పెట్టుకుంటే దాన్ని ఎవరూ చూడరు, చివరికి మీరు కూడా చూడరు.

మేనేజర్‌కి దాచకుండా చెప్పండి. "11 నుంచి ఉంటాను, 3:30 నుంచి 4:30 దాకా బాబు స్కూల్ నుంచి వచ్చే టైం, మళ్లీ రాత్రి 10 దాకా దొరుకుతాను" అంటే చాలు, ఇందులో బతిమాలాల్సింది ఏం లేదు.

ఏ పని దేంతో కలుస్తుందో మాత్రం తెలియాలి. ఊరికే వినాల్సిన కాల్ అయితే వాకింగ్ చేస్తూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో వినొచ్చు. కోడ్ రివ్యూ, అంటే టీంలో ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడం, తలుపేసుకునే చేయాలి. పిల్లల పక్కన కూర్చుని మెయిల్స్ చదవడం అస్సలు వద్దు, "అమ్మా, నువ్వు వినట్లేదు" అని మా వాడు రెండుసార్లు అన్నాక ఆ గంట ఫోన్ వంటింట్లో పెట్టేస్తున్నా.

రాత్రి గుర్తొచ్చిన విషయం టీంకి అప్పుడే మెసేజ్ కొట్టకండి, మెయిల్ పంపే ఔట్‌లుక్‌లో, ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లో షెడ్యూల్ చేసే ఆప్షన్ ఉంది, పొద్దున 10కి వెళ్లేలా పెట్టండి. మీ టైమింగ్స్ మీరు ఎంచుకున్నవి, వాళ్లవి కావు కదా.

నిద్ర మాత్రం దేంతోనూ కలపకండి. 11 అయ్యేసరికి నా లాప్‌టాప్ బీరువాలో ఉంటుంది, ఆన్‌కాల్ వారం తప్ప, అంటే రాత్రి ఏ టైంలో సమస్య వచ్చినా నేనే చూడాల్సిన వారం. ఆ వారం పొద్దున పనులన్నీ మా ఆయన చూసుకుంటారు, ముందు ఆదివారమే ఎవరు ఏం చేయాలో రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాం.