ఫోర్ బై ఫోర్ బండి దిగబడకుండా నడపడం ఎలా? డిఫరెన్షియల్, ట్రాక్షన్ కంట్రోల్ తెలుసుకుని వాడే పద్ధతి

నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి కూడా రెండంటే రెండు చక్రాలు జారితే ఆగిపోతుంది. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం పట్టు తప్పితే చాలు. మామూలు డిఫరెన్షియల్ మాత్రమే ఉంటే, మిగతా రెండూ గట్టి నేల మీదే ఉన్నా బండి అంగుళం కదలదు. కళింగపట్నం, బారువ, చింతపల్లి తీరాల ఇసుకలోకి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లోకి, వంశధార నది పక్క పొలం దారుల్లోకి థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి బండ్లు తీసుకెళ్లేవాళ్లకు ఏ లీవరు ఎప్పుడు వేయాలో, ఏ బటన్ ఎందుకు నొక్కాలో వివరంగా చెప్పేవాళ్లు తక్కువ. లోపల ఏం జరుగుతోందో ఒకసారి అర్థమైతే ఆ బటన్లను బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

1. ముందు డిఫరెన్షియల్‌ను కళ్లతో చూడండి

ఎడ్లబండికి డిఫరెన్షియల్ అక్కర్లేదు. రెండు చక్రాలూ ఇరుసు మీద దేనికవే తిరుగుతాయి. మోటారు బండిలో ఇంజిన్ చక్రాలను తిప్పాలి కాబట్టి చిక్కు వస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య ఎడం 1.5 మీటర్లు ఉంటే, బండి ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ తిరుగుతుంది. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి రోడ్డు మీద రాసుకుంటూ పోవాల్సిందే. అందుకే ఇరుసు మధ్యలో క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు, దాని లోపల చిన్న స్టార్ గేర్లు పెట్టారు. ఈ ఏర్పాటే డిఫరెన్షియల్. క్రౌన్ వీల్ రెండు వైపులా బలం ఇస్తుంది. స్టార్ గేర్లు ఒక చక్రాన్ని నెమ్మదిగా, రెండోదాన్ని వేగంగా తిరగనిస్తాయి.

వెనక చక్రాలతో నడిచే బండిని సర్వీసులో లిఫ్ట్ ఎక్కించినప్పుడు మెకానిక్‌ను అడిగి ఇది చూడండి. ఇంజిన్ ఆపి, బండిని 2హెచ్‌లో (వెనక రెండు చక్రాలకే బలం వెళ్లే స్థానంలో), గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు విడిచి, ఒక వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా ముందుకు తిప్పితే రెండో చక్రం వెనక్కి తిరుగుతుంది. ఇంటి దగ్గర జాకీ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

ఇక అసలు విషయం. జారే చక్రానికే బలమంతా వెళ్లిపోతుందని చాలామంది చెబుతారు. అది సరికాదు. మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులా ఎప్పుడూ సమానంగానే బలం పంచుతుంది, ఇబ్బందంతా అక్కడే. ఎడమ చక్రం బురదలో 100 వంతుల బలమే తట్టుకోగలదనుకోండి. కుడివైపుకూ 100 వంతులే అందుతాయి. కుడి చక్రం గట్టి గట్టు మీద ఉండి 1000 తట్టుకోగలిగినా దానికి దక్కేది ఆ వందే. మీరు ఎక్సలరేటరు ఎంత తొక్కినా బురదలో చక్రం గిరగిరా తిరగడమే తప్ప బండి కదలదు. పైగా ఒక చక్రం ఆగిపోయి ఉంటే రెండోది స్పీడోమీటరు చూపించేదానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది. అందుకే అలా తిరిగే చక్రం పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి.

2. ట్రాక్షన్ కంట్రోల్ ఏం చేస్తుందో ట్రాక్టర్ దగ్గర నేర్చుకోండి

మన ట్రాక్టర్ డ్రైవర్లకు ఇది కొత్త విద్య కాదు. ట్రాక్టర్‌కు ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి విడివిడిగా బ్రేకు పెడళ్లు ఉంటాయి. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపి బిగిస్తారు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే తెలిసిన డ్రైవరు ఆ వైపు బ్రేకును కొంచెం తొక్కుతాడు. రెండో చక్రం బండిని లాగేస్తుంది.

పైన చెప్పిన లెక్కతోనే చూడండి. జారే ఎడమ చక్రానికి బ్రేకు 500 వంతుల అడ్డు వేసింది. దాన్ని తిప్పాలంటే ఇప్పుడు 600 కావాలి. డిఫరెన్షియల్ సమానంగానే పంచుతుంది కాబట్టి కుడివైపుకూ 600 వెళ్తాయి. ఎడమవైపు 500 బ్రేకులో వేడిగా పోతాయి, కుడివైపు 600 బండిని బయటికి లాగుతాయి. కారులో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కోసం ప్రతి చక్రం దగ్గరా ఉండే సెన్సార్లు వేగం చెబుతాయి, ఏ చక్రం అతిగా తిరుగుతోందో దానికి మాత్రమే బ్రేకు పడుతుంది.

కానీ ట్రాక్షన్ కంట్రోల్‌కు రెండో పని కూడా ఉంది. చక్రాలు జారుతున్నాయనిపిస్తే ఇంజిన్ బలాన్నే తగ్గించేస్తుంది. వాన పడిన హైవే మీద అది ప్రాణం కాపాడుతుంది. మెత్తటి ఇసుకలో అదే మిమ్మల్ని ముంచుతుంది. ఈ రెండు పనులనూ వేరుగా గుర్తుపెట్టుకోండి. ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు, ట్రాక్షన్ కంట్రోల్ అందులో భాగమే) ఆఫ్ బటన్ ఎప్పుడు నొక్కాలన్నది దీన్నుంచే తెలుస్తుంది.

3. మీ బండిలో ఏముందో తేల్చుకోండి

పెద్దగా, ఎత్తుగా కనిపించే ఎస్‌యూవీల్లో చాలావాటికి రెండు చక్రాలకే బలం వెళ్తుంది. 2హెచ్ (రెండు చక్రాలకే బలం), 4హెచ్ (నాలుగింటికీ బలం, మామూలు వేగం), 4ఎల్ (నాలుగింటికీ బలం, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) అని లీవరు ఉంటే అది పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చేది. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో చాలావాటికి బలం ఎక్కువగా ముందుకే పోతుంది, ముందు చక్రాలు జారినప్పుడు ఒక క్లచ్ ద్వారా కొంత వెనక్కి వస్తుంది. ఎక్కువసేపు ఇసుకలో తిప్పితే ఆ క్లచ్ వేడెక్కుతుంది. అలాంటి కారుతో బీచ్ లోపలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

తర్వాత చూడాల్సింది ఇరుసుల్లో డిఫరెన్షియల్ లాక్ (రెండు చక్రాలనూ ఒకటిగా బిగించేది) ఉందా అని. గూర్ఖాలో ముందు, వెనక రెండు ఇరుసులకూ డ్రైవరే వేసుకునే లాక్‌లు ఉంటాయి. థార్‌లో కొన్ని వేరియంట్లకు వెనక ఇరుసులో మెకానికల్ లాక్ ఉంటుంది. దానికి బటన్ ఉండదు, ఒక చక్రం రెండోదానికంటే బాగా ఎక్కువ తిరిగితే దానంతటదే పడుతుంది. జిమ్నీలో లాక్ లేదు, ఆ పని బ్రేకుల మీదే ఆధారపడి ఉంటుంది. మీ వేరియంట్‌లో ఏముందో యజమాని పుస్తకంలో చూసుకోండి, షోరూంలో విన్నమాట మీద నమ్మకం పెట్టుకోకండి.

4. నేల మారకముందే 4హెచ్ వేయండి

దిగబడ్డాక లీవరు కోసం వెతకడం చాలా బండ్లలో చూసే తప్పు. ఇసుక మొదలయ్యే ముందే, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే 4హెచ్‌లోకి మార్చండి. 4ఎల్‌లోకి వెళ్లాలంటే బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి.

టైర్ల గాలి అన్నిటికంటే ముఖ్యం. డిఫరెన్షియల్ ఎంత మంచిదైనా నేల ఇచ్చే పట్టును మించి ఏమీ చేయలేదు. మెత్తటి ఇసుకకు 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు విస్తరిస్తుంది, ఇసుకను తవ్వడం తగ్గుతుంది. అంత తక్కువ గాలితో వేగంగా వెళ్లకూడదు, మలుపు గట్టిగా తిప్పకూడదు, లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. గాలి కొట్టే చిన్న కంప్రెసర్ బండిలో లేకుండా గాలి తీయకండి.

5. ఇసుకలో

4హెచ్, ఈఎస్‌పీ ఆఫ్, రెండు లేదా మూడో గేరులో ఒకే ఊపు. ఆగాలనుకుంటే బ్రేకు తొక్కకుండా ఎక్సలరేటరు వదిలి దానంతటది ఆగనివ్వండి. బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసుక గుట్ట పేరుకుంటుంది. వీలైతే పల్లంవైపు ముక్కు పెట్టి ఆపండి. చక్రాలు తవ్వడం మొదలైన క్షణంలోనే కాలు తీసేయండి. ఇసుక ఇరుసు దాకా రాకముందు వచ్చిన దారినే వెనక్కి రావడం సులువు, వచ్చాక పార కావాలి.

మన తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో బీచ్ మీద బండి తిప్పకండి, రాత్రిపూట అసలే వద్దు. వలలు ఆరేసిన చోట, పడవలు లాగే చోట మిగతా రోజుల్లోనూ మనకు పని లేదు. వంశధార, నాగావళి ఇసుక మేటల్లోకి వానాకాలంలో దిగొద్దు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన ఒడిశాలో వాన పడితే నీళ్లు వచ్చేస్తాయి.

6. బురదలో, గోతుల్లో, గెడ్డ (వాగు) దాటేటప్పుడు

ఇక్కడ పద్ధతి మారుతుంది. 4ఎల్ వేసి, ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆన్‌లోనే ఉంచండి. ఒక చక్రం గాలిలో తిరుగుతున్నప్పుడు భయపడి ఎక్సలరేటరు వదిలేస్తే సెన్సార్లకు తేడా కనిపించదు, బ్రేకు కూడా పడదు. కాలు కదపకుండా ఒకే స్థాయిలో రెండు మూడు సెకన్లు పట్టి ఉంచండి. కింద నుంచి టకటకమని చప్పుడు వస్తుంది. అది బ్రేకులు పడుతూ వదులుతూ ఉన్న చప్పుడు, టెన్షన్ పడక్కర్లేదు. ఆ తర్వాత బండి నెమ్మదిగా పాకుతుంది. మరీ ఎక్కువసేపు ఇలా చేస్తే బ్రేకులు వేడెక్కి కంప్యూటర్ ఆ పనిని కాసేపు ఆపేస్తుంది, అప్పుడు మీరూ ఆగండి.

ట్రాక్షన్ కంట్రోల్ లేని పాత బండి అయితే ఎడమకాలితో బ్రేకు కొంచెం తొక్కి పట్టి ఎక్సలరేటరు ఇవ్వండి. బ్రేకు అన్ని చక్రాలకూ పడుతుంది కాబట్టి ట్రాక్టర్‌లో ఉన్నంత ఫలితం రాదు, కానీ చిన్న గోతి నుంచి బయటపడొచ్చు. కొత్త బండ్లలో బ్రేకు తొక్కగానే ఇంజిన్ బలం తగ్గిపోయే ఏర్పాటు ఉంటుంది, వాటిలో ఇది పనిచేయదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చెట్లు కూలి దారులే మూసుకుపోయాయి. అలాంటి రోజున ఊరికి నీళ్లూ మందులూ చేరాలంటే బండి ఉండటంతో సరిపోదు, ఇదంతా చేతకావాలి. మామూలు రోజుల్లో ఖాళీ పొలం దారిలో సాధన చేయమని అందుకే అంటున్నాను.

7. డిఫరెన్షియల్ లాక్ వేసేటప్పుడు

లాక్ వేస్తే రెండు చక్రాలు ఒకే కడ్డీకి బిగిసినట్టే, జారే చక్రం ఎంత జారినా రెండోది తిరుగుతుంది. ఒక చక్రం జారి గిరగిరా తిరుగుతుండగా వేస్తే గేరు పళ్లు విరగొచ్చు. గోతిలోకి దిగే ముందే, బండి ఆగి లేదా పాకుతూ ఉన్నప్పుడే వేయండి. తిన్నగా వెళ్లండి. ముందు ఇరుసు లాక్ వేస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, అది చివరి ఉపాయంగా ఉంచుకోండి. గట్టి నేల తగలగానే తీసేయండి. ట్రాక్టర్‌లో మలుపు దగ్గర డిఫ్ లాక్ పెడల్ మీంచి కాలు తీసేది కూడా ఇందుకే.

8. తారు రోడ్డు ఎక్కే ముందు

పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ఇసుకలో ఆ తేడా జారుడులో పోతుంది, పొడి తారు మీద పోదు. షాఫ్టులు, గేర్లు మెలిపడి బిగుసుకుంటాయి, లీవరు రాకుండా పోతుంది. అలా జరిగితే కొన్ని మీటర్లు తిన్నగా రివర్సు వెళ్తే వదులవుతుంది. 2హెచ్‌లోకి మార్చి, ఈఎస్‌పీ మళ్లీ ఆన్ చేసి, గాలి నింపాకే హైవే ఎక్కండి.

9. ఇంటికొచ్చాక

ఉప్పు నీళ్లు తగిలితే అదే రోజు కింద భాగమంతా మంచినీళ్లతో కడిగించండి. చక్రాల సెన్సార్ల మీద బురద గట్టిపడితే హెచ్చరిక దీపం వెలుగుతుంది, అక్కడా శుభ్రం చేయించండి. టైర్లు మార్చాల్సి వస్తే నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. చిన్న తేడా ఉన్నా ఫోర్ బై ఫోర్‌లో గేర్లు ఎడతెగకుండా కొట్టుకుంటూ ఉంటాయి. ఇరుసు మునిగేంత నీళ్లు దాటితే డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీయించి చూడండి. లోపలి గేర్ల రాపిడితో వేడెక్కిన ఇరుసు చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (ఇరుసుకు గాలి ఆడే గొట్టం) నుంచో సీలు నుంచో నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటుంది. అలా కనిపిస్తే ఆ ఆయిల్‌తో బండి నడపకుండా వెంటనే మార్పించండి, కొత్త ఆయిల్ మీ యజమాని పుస్తకంలో రాసిన గ్రేడే అయ్యుండాలి.