ఎండలు ముదరకముందే: క్యాన్సర్ చికిత్స ముగిసినవాళ్ల నడక ఆగిపోకుండా జాగ్రత్తలు

కీమో, రేడియేషన్ ముగించుకొని ఇంటికొచ్చిన మనిషిని మన ఇళ్లలో మంచం దిగనివ్వరు. మంచినీళ్లు కూడా చేతికే అందిస్తారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం గానీ, కొన్నాళ్లకే తొడల్లో కండ తగ్గిపోయి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఎలాగోలా ఫిబ్రవరిలో నడక మొదలుపెట్టినా ఏప్రిల్ ఎండలకు ఆగిపోతుంది. ‘వానలు పడ్డాక చూద్దాంలే’ అంటారు. వానలు పడేసరికి కూడబెట్టుకున్న బలం కాస్తా పోయి ఉంటుంది. అందుకని ఏర్పాట్లన్నీ మార్చిలోనే చేసుకోవాలి.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటారా? పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. ఎక్కువమంది కెనడా, ఆస్ట్రేలియా వాళ్లు. సగం మందికి ఆరోగ్య సలహాల పుస్తకాలిచ్చి వదిలేశారు. మిగతా సగానికి అవే పుస్తకాలతో పాటు, మూడేళ్లపాటు వెంటపడి వ్యాయామం చేయించే శిక్షకుణ్ని కూడా ఇచ్చారు. ఎనిమిదేళ్ల లెక్కలో బతికున్నవాళ్లు మొదటి గుంపులో 83 శాతం, రెండో గుంపులో 90 శాతం. ఈ అంకెలు పెద్దపేగు క్యాన్సర్‌వి, అన్నిటికీ అంటగట్టకూడదు. కానీ ఒక్కటి గమనించండి: సలహా ఇద్దరికీ అందింది, వెంట మనిషి ఒకరికే దొరికాడు. కాబట్టి ‘నడువమ్మా’ అని కుర్చీలోంచి చెప్పే కొడుకు కంటే, చెప్పులేసుకొని గుమ్మం దగ్గర నిలబడే కొడుకు వల్లే ఉపయోగం.

అదే ట్రయల్‌లో కండరాలు, కీళ్ల నొప్పులు మాత్రం వ్యాయామం చేసినవాళ్లకే ఎక్కువ వచ్చాయి. అవతలివాళ్లలో 11.5 శాతమైతే వీళ్లలో 18.5. అంటే చూసుకుంటూ చేయాలి.

మొదలుపెట్టే ముందు

ఫాలో-అప్‌కు వెళ్లినప్పుడు ‘నడవచ్చా?’ అని అడిగితే ‘నడవండి’ అంటారు, అంతే. విడమరిచి అడగండి. సీబీపీ అనే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువున్నా, ప్లేట్‌లెట్లు 50 వేలకు దిగువనున్నా ఏం చేయొచ్చో ఏం చేయకూడదో డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి. డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు గుండెను దెబ్బతీయొచ్చు. అవి పడినవాళ్లు గుండె ఎలా ఉందో ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూపించి అడగాలి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు, హార్మోన్ మాత్రల వల్ల ఎముకలు పలచబడ్డవాళ్లు నడుం మెలితిప్పే ఆసనాలు, గెంతులు పెట్టుకోకూడదు. నడక కూడా ఫిజియోథెరపిస్టు చూశాకే.

ఎండ, వేళ

ఉదయం ఆరు లోపు బయల్దేరి ఏడయ్యేసరికి ఇంట్లో ఉండాలి. రామగుండం, ఖమ్మం వైపు మేలో 44, 45 డిగ్రీలు కాసే రోజుల్లో సాయంత్రం ఆరింటికి కూడా రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది. కోస్తాలో డిగ్రీలు తక్కువ కనిపించినా ఉక్కపోతకు చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. అలాంటి రోజు ఫ్యాను కింద హాల్లోనే అటూ ఇటూ నడిచినా లెక్కలోకి వస్తుంది. రేడియేషన్ తగిలిన చర్మాన్ని మాత్రం వదులుగా ఉండే నూలు బట్టతో కప్పుకోవాలి. అది మామూలు చర్మం కంటే తొందరగా కమిలిపోతుంది.

మజ్జిగ, రాగి జావ అందరికీ మంచివే. పేగును పొట్టమీదికి తెచ్చి సంచి పెట్టినవాళ్ల సంగతి వేరు, ముఖ్యంగా చిన్నపేగుకు పెట్టినవాళ్లది. సంచిలోంచి నీళ్లతో పాటు ఉప్పూ పోతూనే ఉంటుంది. వట్టి మంచినీళ్లు ఎన్ని తాగినా ఆ లోటు తీరదు, ఓఆర్ఎస్ కావాలి. బీపీ, కిడ్నీ సమస్యలుంటే ఎంత తాగాలో డాక్టరునే అడగండి. బిందెలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తే పని సంచి ఉన్నవాళ్లకు వద్దు. సంచి పక్కన హెర్నియా రావచ్చు.

కాళ్లు

ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి మందులు నరాల మీద దెబ్బకొడతాయి. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలై, మొద్దుబారి, చికిత్స ముగిశాక కూడా నెలల తరబడి అలాగే ఉండిపోవచ్చు. చెప్పు జారిపోయినా తెలియదు. సాయంత్రం చల్లగాలికని డాబా ఎక్కి ఉత్త కాళ్లతో తిరుగుతారు. పగలంతా కాగిన గచ్చు కాలుస్తున్నా కాలికి తెలియదు, మర్నాడు బొబ్బలు చూసుకుంటారు. గుడి ఆవరణలో ప్రదక్షిణలూ అంతే. సాక్సులు వేసుకొని చేయండి, దేవుడు ఏమీ అనుకోడు.

హవాయి చెప్పులు పక్కన పడేసి, మడమను పట్టుకుని ఉండే షూ కొనుక్కోవాలి. తొడుక్కునే ముందు లోపల చెయ్యిపెట్టి రాయేమైనా ఉందేమో తడమాలి. ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురులో చూసుకోవాలి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకోండి. చీకటితో బయల్దేరితే గతుకుల రోడ్డు వద్దు, టార్చి వెంట ఉండాలి.

చెయ్యి వాపు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో లింఫు గ్రంథులు తీసిన వైపు చేత్తో బరువెత్తకూడదని చాలా ఇళ్లలో ఇప్పటికీ గట్టిగా చెబుతారు. చెయ్యి అప్పటికే వాచినవాళ్ల చేత కూడా వారానికి రెండుసార్లు, చిన్న బరువులతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతూ చేయిస్తే వాపు పెరగలేదని 2009లోనే తేలింది. అయితే అది శిక్షకుల కళ్లముందు చేసిన పని. అరలీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టండి. వాపు ఉంటే స్లీవ్ (చేతిని బిగుతుగా పట్టి ఉంచే తొడుగు) వేసుకునే చేయాలి. ఎండాకాలం చెమటకు దానికింద పొక్కుతుంది కాబట్టి రెండు స్లీవులుంటే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు.

కాళ్ల బలానికి జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం. ఐదుసార్లు చేయగలిగితే ఐదే.

ఎంత, ఎలా

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగం: చేరాల్సింది అక్కడికి. మొదటి వారం ఐదేసి నిమిషాలు చాలు. ఇంట్లోవాళ్లు యువరాజ్ సింగ్ కథ ఎత్తుతారు. నిజమే, 2012లో కీమో ముగించి ఆ సెప్టెంబరుకే టీమిండియాలోకొచ్చాడు, విశాఖ మ్యాచ్ వానకు పోతే చెన్నైలో ఆడాడు. ముప్పై ఏళ్ల క్రీడాకారుడాయన. యాభై ఎనిమిదేళ్ల పిన్నికి ఆ పోలిక పెడితే ఉన్న ఉత్సాహమూ పోతుంది. ‘నిన్న ఎదురింటి దాకా వెళ్లావు, ఇవాళ కిరాణా కొట్టు దాకా వెళ్దామా’ అనండి. నీరసంగా ఉన్న రోజున కూడా పది నిమిషాలు నడిపించండి. క్యాన్సర్ నీరసం పడుకుంటే తగ్గే రకం కాదు.

ఆపాల్సినప్పుడు మాత్రం మొహమాటం వద్దు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం, ఒక్క కాలే వాచి నొప్పెట్టడం, రాత్రి నిద్రపట్టనివ్వని కొత్త ఎముక నొప్పి: వీటిలో ఏది కనిపించినా నడక ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఛాతీనొప్పి, ఆయాసం తగ్గకపోతే ఫోన్లతో కాలయాపన వద్దు, 108 పిలవండి. కీమో ఇంకా నడుస్తున్నవాళ్లకు 100.4 జ్వరం దాటితే అది వడదెబ్బేలే అని మజ్జిగ తాగించి పడుకోబెట్టకండి, ఆ రాత్రే తీసుకెళ్లండి. ఫోన్ నంబర్లు, మందుల చీటీ ఫొటో వెంట నడిచేవాళ్ల ఫోన్లో కూడా ఉండాలి.