ఏపీ బండికి కర్ణాటక నంబరు: ఎన్‌ఓసీ నుంచి కొత్త ఆర్‌సీ దాకా

విజయవాడలోనో కర్నూలులోనో ఇల్లు ఖాళీ చేసి బెంగళూరుకు సామాన్లు లారీకి ఎక్కించేటప్పుడు ఫ్రిజ్జు, బీరువా, గ్యాస్ సిలిండరు అన్నీ గుర్తుంటాయి. బండి కాగితాలు మాత్రం "వెళ్లాక చూద్దాంలే" అన్న లెక్కలోకి పోతాయి. ఏడాది తిరిగేసరికి ఎవరో ఒకరు హెచ్చరిస్తారు, అప్పుడు ఆర్టీవో ఆఫీసుకు పరిగెడతారు. గేటు దగ్గర ఏజెంటు "అంతా నేను చూసుకుంటా సార్" అంటాడు. కానీ ఇందులో అసలు పని ఏపీలో జరగాలి, అందులోనూ సగం మీ బ్యాంకులో జరగాలి. అతను బెంగళూరులో కూర్చుని చూసుకునేది పెద్దగా ఏమీ ఉండదు.

ముందు గడువు సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. ఆ 12 నెలలు నిండాక దరఖాస్తుకు మరో 30 రోజులు ఉంటాయి. అంటే వచ్చిన వారంలోనే ఏపీ నంబరు ప్లేటు చూసి ఎవరైనా బెదిరిస్తే కంగారు పడక్కర్లేదు. మీరు ఎప్పుడు వచ్చారో చూపించే కాగితం దగ్గరుంటే చాలు: ప్యాకర్ల బిల్లు, మొదటి నెల అద్దె అగ్రిమెంటు, దారిలో టోల్ కట్టినట్టు ఫాస్టాగ్ స్టేట్‌మెంటు. వీటిని ఫోనులో ఒకచోట పెట్టుకోండి.

మొత్తం పని రెండు మెట్లు. ఏపీలో ఫారం 28తో ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న పత్రం), కర్ణాటకలో ఫారం 27తో కొత్త నంబరు. కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, ప్రింట్లు తీసుకోవడం అరగంట పని. ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పన్ను కట్టిన రసీదు ఎలాగూ ఉంటాయి. పెండింగ్ చలానాలు ముందే కట్టేయండి, నూట ముప్ఫై అయిదు రూపాయల చలానాకు ఫైలు ఆగడం మామూలే. బండి ఎక్కడ రిజిస్టరయిందో ఆ ఆఫీసులోనే ఎన్‌ఓసీ ఇస్తారు. 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ ఇస్తున్నారు కాబట్టి నంబరు చూసి ఊరు చెప్పలేం. ఆర్‌సీలో రిజిస్టరింగ్ అథారిటీ అని ఉన్న చోట ఏ ఊరి పేరుందో చూసుకోండి.

ఇక జనం వెనక్కి తిరిగొచ్చే చోటు: ఆర్‌సీ మీద బ్యాంకు పేరు.

లోను అయిదేళ్ల కిందటే తీరిపోయి ఉండొచ్చు. చివరి ఈఎంఐ కట్టగానే బ్యాంకు ఒక కవరు పంపి ఉంటుంది. అందులో "మీకు మాకు బాకీ లేదు" అన్న ఉత్తరం, ఫారం 35 రెండు ప్రతులు ఉంటాయి. చాలామంది ఆ కవరు బీరువాలో పెట్టి పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఆ ఫారాలు ఆర్టీవో ఆఫీసుకు చేరి హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు అప్పు ఉన్నట్టు నమోదు) తీసేసే దాకా రికార్డులో బండి మీద ఫైనాన్స్ ఉన్నట్టే. పైగా ఆ ఉత్తరం మీద చిన్న అక్షరాల్లో సాధారణంగా మూడు నెలల గడువు రాసి ఉంటుంది. గడువు దాటితే కౌంటర్లో తీసుకోరు, బ్యాంకు దగ్గర మళ్లీ కొత్తది రాయించుకోవాలి. వారాలు పట్టేది ఇక్కడే. అందుకే వరస తప్పొద్దు: ముందు ఫారం 35తో బ్యాంకు పేరు తీయించండి, ఆన్‌లైన్‌లో ఆ మార్పు కనిపించాక ఫారం 28 వేయండి.

లోను ఇంకా నడుస్తుంటే పని వేరు. అప్పుడు కావలసింది బాకీ లేదన్న ఉత్తరం కాదు, వేరే రాష్ట్రానికి బండి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న ఉత్తరం. బ్రాంచిలో "ఎన్‌ఓసీ కావాలి" అని మాత్రమే అడిగితే లోను మూసేసే ఎన్‌ఓసీ అనుకుంటారు. "అంతర్రాష్ట్ర బదిలీకి" అని రాసివ్వండి. ఉత్తరంలో బండి నంబరు, చాసిస్ నంబరు, ఇంజిను నంబరు, వెళ్లే ఆర్టీవో ఆఫీసు పేరు ఉండాలి. 51వ సెక్షన్ ప్రకారం బ్యాంకు ఏడు రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకివ్వదో చెప్పాలి. రెండూ చేయకపోతే ఇచ్చినట్టే లెక్క. కౌంటర్లో ఈ వాదనతో నెగ్గడం కష్టమే గానీ, బ్రాంచి మేనేజరుకు రాసే ఉత్తరంలో ఈ వాక్యం ఉంటే పని కదులుతుంది.

రెండో చిక్కు, వెళ్లే ఆఫీసు పేరు. బెంగళూరంతటికీ ఒకే ఆర్టీవో లేదు. కేఏ 01 కోరమంగళ, కేఏ 03 ఇందిరానగర్, కేఏ 05 జయనగర్, కేఏ 51 ఎలక్ట్రానిక్ సిటీ, కేఏ 53 కేఆర్ పురం. వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు తీసుకుని కోరమంగళ పేరుతో ఎన్‌ఓసీ తెచ్చుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇల్లు ఖాయం కాకముందే ఎన్‌ఓసీకి తొందరపడకండి, ఇంటి అడ్రసు ఏ ఆఫీసు కిందికొస్తుందో ఇంటి ఓనరు బండి ఆర్‌సీ చూసినా తెలుస్తుంది.

ఫారం 28 మీద చాసిస్ నంబరు (బండి ఫ్రేము మీద చెక్కి ఉండే నంబరు) పెన్సిల్ ప్రింట్ అంటించాలి. నంబరు చెక్కిన చోట మురికి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక పల్చటి తెల్లకాగితం పరిచి కదలకుండా పట్టుకుని, మెత్తటి పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దాలి. పదిహేడు అక్షరాలూ చదవగలిగేలా రావాలి. తుప్పు వల్ల ఒక్కటి రాకపోయినా పక్కన పెట్టేస్తారు. బండి లారీ ఎక్కకముందే నాలుగైదు ప్రింట్లు తీసి పెట్టుకుంటే తర్వాత కర్ణాటకలోనూ పనికొస్తాయి.

దరఖాస్తు ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. దొంగతనం కేసు లేదని పోలీసు రిపోర్టు వచ్చాకే ఎన్‌ఓసీ ఇస్తారు, ఆలస్యం ఎక్కువగా అక్కడే. 30 రోజుల్లో ఇవ్వకుండా, కాదనకుండా ఉంటే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే భావించాలని 48వ సెక్షన్ చెబుతోంది. ఆ రసీదుతో, తిరస్కరణ ఏదీ అందలేదన్న డిక్లరేషన్‌తో కొత్త రాష్ట్రంలో దరఖాస్తు వేయడానికి చట్టంలో దారి ఉంది. రసీదు పోతే ఆ దారీ పోతుంది.

బెంగళూరులో మిగిలింది: ఫారం 27, ఒరిజినల్ ఎన్‌ఓసీ, బండి కొన్నప్పటి ఇన్వాయిస్, అడ్రస్ ప్రూఫ్, ఇన్‌స్పెక్టరుకు బండి చూపించడం. కొత్త నంబరుకు కేంద్ర నిబంధనల ఫీజు బైకుకు 300, కారుకు 600 రూపాయలు, స్మార్ట్ కార్డు ఖర్చు అదనం. జేబుకు తగిలే దెబ్బ లైఫ్ ట్యాక్స్. ఇన్వాయిస్ ధరను, బండి వయసును బట్టి లెక్కకట్టి పోర్టల్‌లోనే చూపిస్తుంది, అక్కడే కట్టాలి. ఏజెంటు చేతికి నోట్లు ఇవ్వాల్సిన పని లేదు. ఇన్వాయిస్ పోయి ఉంటే షోరూమ్‌లో నకలు దొరుకుతుంది. బండి భార్య పేరున, అద్దె అగ్రిమెంటు భర్త పేరున ఉన్నవాళ్లు మాత్రం అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించుకోవాలి.

కొత్త ఆర్‌సీ వచ్చాక హై సెక్యూరిటీ ప్లేటు మార్చి, ఇన్సూరెన్సులోనూ ఫాస్టాగ్‌లోనూ నంబరు మార్పించండి. ఏపీలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు దానంతట అది రాదు. కొత్త ఆర్‌సీ నకలు జతచేసి పాత ఆఫీసుకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. పాత ఆర్‌సీ, ఎన్‌ఓసీ కర్ణాటక కౌంటర్లో ఇచ్చేముందు తీసిన జిరాక్సులు అప్పుడు అడుగుతారు.