మేధో వైకల్యం, ఆటిజం ఉన్న యువతను ఉద్యోగంలో నిలబెట్టడం ఎలా?

ఉద్యోగం దొరకడమే కష్టమని, దొరికితే గండం గడిచినట్టేనని చాలామంది తల్లిదండ్రుల లెక్క. నిజానికి సూపర్‌మార్కెట్లలో, హోటల్ లాండ్రీల్లో, ఆస్పత్రి స్టోర్లలో మన పిల్లలను చేర్చుకోవడానికి ఒప్పుకునే మేనేజర్లు పట్టుగా తిరిగితే దొరుకుతారు. చేరిన రెండు మూడు నెలలకే ఇంటికి వచ్చేస్తున్నవాళ్లను చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లలో పని చేతకాక వచ్చేసినవాళ్లు తక్కువ. పనిచోట పక్కనుండి నేర్పే మనిషి, అంటే జాబ్ కోచ్, ఎప్పుడు పక్కకు జరగాలో, ఎలా జరగాలో తెలియక చెడిపోయిన ఉద్యోగాలే ఎక్కువ. అందుకే మిగతావి గబగబా చెప్పి, అసలు చిక్కు దగ్గర ఆగుతాను.

ముందు కాగితాలు

ఆధార్, పాన్, యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు), సొంత పేరున బ్యాంకు ఖాతా. ఇవి నాలుగూ ఉద్యోగం వెతకడానికి ముందే చేతిలో ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఉంది, వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉండాలి. అయితే ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో లోపాలు, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి అందులో దక్కేది 1 శాతమే. దాని మీదే ఆశ పెట్టుకుని ఇరవై రెండేళ్ల మనిషిని ముప్ఫై దాకా ఇంట్లో కూర్చోబెట్టకండి. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థలకు సమాన అవకాశాల విధానం ఉండాలని అదే చట్టం, దాని నిబంధనలు చెబుతున్నాయి. హెచ్‌ఆర్ వాళ్లను అది చూపించమని మర్యాదగా అడగండి. మాట మొదలుపెట్టడానికి అదే మంచి దారి.

పద్దెనిమిది నిండగానే అందరికీ గార్డియన్ అక్కర్లేదు. గార్డియన్ కావాలని బ్యాంకు పట్టుబడితే మాత్రం నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ను నియమించే, జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టండి.

పింఛను సంగతి చేరకముందే తేల్చుకోవాలి. వికలాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. జీతం వస్తే ఇది ఆగిపోతుందన్న భయం రెండో నెలలో మొదలవుతుంది, మూడో నెలలో మాన్పించేస్తారు. జీతం ఎంతో చెప్పి గ్రామ, వార్డు సచివాలయంలోనో ఎంపీడీవో ఆఫీసులోనో ముందే రాతపూర్వకంగా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలైతే, కుటుంబ పింఛనుకు ఆదాయ పరిమితిని 2021లో పెంచారు. బిడ్డ సంపాదన ఆ ఉద్యోగి చివరి జీతంలో 30 శాతానికి, దానిపై వచ్చే కరువు భృతికి కలిపి లోపల ఉంటే పింఛను పోదు.

పనిని మనిషికి తగ్గట్టు కట్టడం

"ఏ ఉద్యోగం చేస్తావు?" అని అడిగితే చాలామంది మీరు వినాలనుకున్నదే చెబుతారు. అడగడం మాని చూడండి. ఇంట్లో ఏ పని దగ్గర ఎక్కువసేపు ఉంటున్నాడు, ఎంతసేపు నిలబడగలడు, మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుంటాడా, పొద్దున చురుగ్గా ఉంటాడా మధ్యాహ్నమా. తర్వాత రెండు చోట్లకు తీసుకెళ్లి చెరో పూట పని చేయించి, మళ్లీ ఎక్కడికి వెళ్దామంటాడో చూడండి.

షాపునూ అలాగే చూడాలి. ఒక పూట కూర్చుని, ఎవరికీ తీరికలేక రోజూ మిగిలిపోతున్న పని ఏమిటో గమనించండి. బిల్లింగ్ అమ్మాయి మధ్యమధ్యలో లేచి పప్పు ప్యాకింగ్ చేస్తోందా? ర్యాకుల్లో పాత తేదీ సరుకు వెనకే ఉండిపోతోందా? ఆ ముక్కలను ఏరి ఒక ఉద్యోగంగా కట్టి మేనేజర్ ముందు పెట్టండి. "మా పిల్లాడికి ఏదైనా పని ఇప్పించండి సార్" అని అడిగితే జాలితో ఇస్తారు, ఆ జాలి రెండు నెలల్లో అరిగిపోతుంది. జీతం పక్కవాళ్లతో సమానంగా మాట్లాడండి. ఈఎస్‌ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వికలాంగ ఉద్యోగుల నెల జీతం పరిమితి 25,000, మిగతావాళ్లకు 21,000. మేనేజర్‌కి ఇది తెలియకపోవచ్చు.

ముందు ట్రైనింగ్ సెంటర్లో మూడేళ్లు కొవ్వొత్తులు, ప్రమిదలు, పేపరు కవర్లు చేయించి, తయారయ్యాక ఉద్యోగానికి పంపుదామనే పద్ధతిని నేను ఒప్పుకోను. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి మోసుకెళ్లడమే వీళ్లకు కష్టం. సెంటర్ కాటా మీద తూచడం వచ్చినవాడికి షాపు కాటా మళ్లీ కొత్తదే. నేర్చుకోలేరన్నదీ నిజం కాదు. షెల్టర్డ్ వర్క్‌షాపుల్లో (వికలాంగుల చేత విడిగా పని చేయించే చోట్లు) ఉన్న మేధో వైకల్యం గలవాళ్లకు మార్క్ గోల్డ్ 1970లలో అమెరికాలో 15 భాగాల సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. పనిని చిన్న మెట్లుగా విడగొట్టడం, తక్కువ మాట్లాడడం అతని పద్ధతి. ఉద్యోగంలో చేర్చి, అక్కడే నేర్పండి.

మెట్లు రాసుకోవడం

నేర్పబోయే మీరు ముందు ఆ పని రెండు పూటలు స్వయంగా చేయండి. చేయకుండా రాసిన మెట్లు పనికిరావు. అరకిలో కందిపప్పు ప్యాకింగ్ ఇలా విడిపోతుంది:

1. టోపీ, గ్లౌజులు వేసుకోవడం.
2. కట్టలోంచి ఒక్క కవరు తీసి తెరవడం.
3. కాటా మీద కవరు పెట్టి టేర్ బటన్ (కవరు బరువు తీసేసి సున్నాకు తెచ్చేది) నొక్కి సున్నా చూడడం.
4. డబ్బాతో పప్పు పోయడం, 450 దాటగానే డబ్బా పెట్టేయడం.
5. చెంచాతో పోస్తూ 500కి తేవడం.
6. కవరు మూతి లోపలి అంచు తుడవడం.
7. మూతి సీలింగ్ మిషన్లో పెట్టి నొక్కడం, లైటు ఆరాక రెండు అంకెలు లెక్కపెట్టి ఎత్తడం.
8. స్టిక్కరు గీత మీద అంటించడం.
9. క్రేటులో పెట్టడం, ఇరవై కాగానే కొత్త క్రేటు.
10. మూట అయిపోతే ఖాళీ సంచి తీసుకెళ్లి స్టోర్ కీపర్‌కి చూపించడం.

ఆరో మెట్టు అందరూ వదిలేస్తారు. పప్పు పొడి అంచుకు అంటుకుంటే సీలు ఊడిపోతుంది, తిట్లు మాత్రం కుర్రాడికి పడతాయి. లెక్క రానివాళ్ల కోసం కాటా పక్కన 500 అని పెద్ద అంకెలతో కార్డు అంటించండి. రెండూ ఒకేలా ఉన్నాయా అని పోల్చుకుంటే సరిపోతుంది, విలువ తెలియాల్సిన పనిలేదు. పదో మెట్టు నేర్పకపోతే సరుకు అయిపోగానే మనిషి ఊరికే నిలబడతాడు, లేదా ఫ్లోర్ మీద తిరుగుతాడు. బద్ధకస్తుడన్న ముద్ర అక్కడే పడుతుంది.

నేర్పడం, పక్కకు జరగడం

నోటితో చెప్పి నేర్పొద్దు. "ఇప్పుడు తుడువు, ఇప్పుడు సీలు, ఇప్పుడు స్టిక్కరు" అంటూ పక్కన ఉంటే పని బ్రహ్మాండంగా సాగుతుంది, మీరు రాని రోజు ఆగిపోతుంది. స్టిక్కరు అంటించాలని గుర్తు చేయాల్సింది సీలైన కవరు. మీ గొంతు గుర్తు చేస్తున్నంతకాలం అతను కవరును చూడడు. అన్ని సాయాల్లోకీ మాట సాయాన్ని మాన్పించడమే కష్టం. కాబట్టి అనుమతి అడిగి చేతి మీద చెయ్యి వేసి చేయించండి, తర్వాత మోచేతి దగ్గర తాకండి, తర్వాత వేలితో చూపండి, తర్వాత ఊరికే ఉండండి. తాకితే ఇష్టపడని ఆటిజం పిల్లలకు మీరే పక్కన ఇంకో కవరు నింపుతూ చూపించండి.

ఆగినప్పుడు వెంటనే సాయానికి వెళ్లకండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలామందికి ఏడో ఎనిమిదో అంకె దగ్గర తట్టుతుంది, సరిగ్గా ఆ క్షణంలోనే మనం చెయ్యి పెట్టి చెడగొడతాం. తప్పు చేయబోతుంటే "కాదు కాదు" అని అరవకుండా చెయ్యి ఆపి, అంతకుముందు మెట్టుకు తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టించండి.

ఒక కాగితం మీద పది మెట్లు నిలువుగా, తేదీలు అడ్డంగా గీయండి. ఒంటరిగా చేస్తే ఒం, సైగతో చేస్తే సై, చెయ్యి వేస్తే చె అని రోజూ మొదటి క్రేటుకు రాయండి. ఈ కాగితం లేకుండా పక్కకు జరగకండి. "బాగానే చేస్తున్నాడు" అన్న మీ నమ్మకం చాలదు, ఎందుకంటే మీ కళ్లు ఎటు చూస్తున్నాయో కూడా అతనికి సైగే.

వరుసగా మూడు రోజులు అన్ని గడుల్లో ఒం వస్తే మొదటి అడుగు: అతని పక్క నుంచి వెనక్కి, చూపుకు అందకుండా. మళ్లీ మూడు రోజులు నిలిస్తే గదిలో ఆ మూలకు. తర్వాత పక్క గదికి. తర్వాత షాపు బయటికి గంటసేపు, తర్వాత పూటంతా. తప్పులు మొదలైతే ఒక్క మెట్టే వెనక్కి రండి. భయపడి మళ్లీ పక్కన చేరితే రెండు వారాల కష్టం గంగపాలు. దూరం పెంచే రోజు మంగళవారమో బుధవారమో అయి ఉండాలి. శని, ఆదివారాల రద్దీలో, నెల మొదటి వారంలో జనం సరుకులకు వచ్చేటప్పుడు దూరం పెంచకండి.

దొంగచాటుగా మాయం కాకండి. "11కి వెళ్తాను, 12కి వస్తాను" అని గడియారం బొమ్మతో కార్డు ఇచ్చి, 12కి కచ్చితంగా రండి. ఒక్కసారి మాట తప్పినా ఆ తర్వాత రోజంతా తలుపు వైపే చూస్తుంటారు.

జరిగే కొద్దీ మీ చోట ఎవరు? చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. షాపులో అందరికంటే జాలిగుండె ఉన్న అక్కను పిలిచి "కాస్త చూసుకోండమ్మా" అని అప్పజెబుతారు. ఆవిడ పాపం అనుకుంటూ సగం కవర్లు తనే సీలు చేస్తుంది, నెలకి అలసిపోయి ఫిర్యాదు చేస్తుంది. జాలి కంటే ఓపిక, రోజూ ఒకే తీరులో మాట్లాడే అలవాటు ఉన్న మనిషిని ఎంచుకోండి. వారానికో రోజు సెలవు ఉంటుంది కాబట్టి రెండో మనిషీ ఉండాలి. వాళ్లకు మూడే పనులు చెప్పండి: పొద్దున ఆనాటి మూట చూపించడం, మొదటి క్రేటు ఓసారి చూడడం, ఏదైనా తేడా వస్తే మీకు ఫోన్ చేయడం. టీ టైము, భోజనం టైము గుర్తు చేయడం ఫోన్ అలారానికి వదిలేయండి. మనిషి మోయక్కర్లేని గుర్తులన్నీ వస్తువులకు అప్పగించాకే మీరు బయటపడగలరు.

తల్లిని జాబ్ కోచ్‌గా పెట్టొద్దన్నది నా గట్టి నియమం. అమ్మ అన్నం డబ్బాతో పన్నెండింటికి షాపుకు వచ్చినా, రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసినా తోటివాళ్ల కళ్లలో ఆ కుర్రాడు పిల్లాడైపోతాడు. అందరినీ "అన్నా", "అక్కా" అనో పేరుతోనో పిలుచుకునే చోట ఇతన్ని మాత్రం "బాబూ", "చిన్నీ" అనకూడదని మొదటి రోజే చెప్పండి.

పని బయటి పని

బస్సు విడిగా నేర్పాలి, అదీ ఆ డ్యూటీ టైములోనే. అమ్మాయి అయితే తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రలో స్త్రీశక్తి కింద కండక్టర్‌కి ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకోవడం కూడా ఒక మెట్టే. కస్టమర్లను కౌగిలించుకోకూడదని చెప్పి ఊరుకోకండి, బదులుగా నమస్కారం నేర్పండి. ఎవరైనా తాకకూడని చోట తాకితే, డబ్బు అడిగితే, ఎవరికి చెప్పాలో ఫొటోతో చూపించండి. పదిమంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్నచోట పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది పేపరు మీదే ఉందా నిజంగా ఉందా అని మీరే చూడాలి.

మూర్ఛ ఉంటే దాచకండి, అదుపులోకి వచ్చేదాకా సీలింగ్ మిషన్, పొయ్యి, నిచ్చెన దగ్గర పెట్టకండి. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, చేతిలో తాళాలు పెట్టొద్దని, నోట్లో ఏమీ పెట్టొద్దని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని తోటివాళ్లకు చేసి చూపించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి పని ఉన్నట్టుండి మందగిస్తే తిట్టడానికి ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి.

జీతంలో కొంత ప్రతి నెలా అతని చేతికే ఇవ్వండి, తనకు నచ్చింది తనే కొనుక్కోవాలి. మొత్తం బ్యాంకులోనే ఉంటే పనికీ డబ్బుకీ సంబంధం అతనికి కనబడదు. పెళ్లిళ్లకని చెప్పాపెట్టకుండా వారం మాన్పించడం ఇంటివాళ్లు చేసే పెద్ద తప్పు. సెలవు చీటీ అతని చేతే ఇప్పించాలి, తిరిగొచ్చిన మొదటి రోజు మీరు షాపులో ఉండాలి.

పూర్తిగా తప్పుకున్నాక నెలపాటు వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి వెళ్లండి. సూపర్‌వైజర్ మారినా, కాటా మార్చినా, ర్యాకులు జరిపినా, షిఫ్టు మారినా, సంక్రాంతి, దసరా రద్దీ మొదలయ్యేముందూ లెక్క చూడకుండా వెంటనే వెళ్లాలి. కొత్త సూపర్‌వైజర్‌కి ఒక్క పేజీ కాగితం ఇవ్వండి: పది మెట్లు, అతనితో ఎలా మాట్లాడితే అర్థమవుతుంది, ఏం చేస్తే కంగారుపడతాడు, మీ ఫోన్ నంబరు. ఆ పేజీ స్టోర్ గది తలుపు వెనక కూడా అంటించండి, మాట్లాడే తీరు, కంగారు సంగతి మాత్రం తీసేసి.