ఇంగ్లీషులో స్టెప్స్ రాసేవాళ్ళకి చిన్న చిట్కా

మాదాపూర్, గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీముల్లో ఉన్నవాళ్ళు రోజూ ఇంగ్లీషులో స్టెప్స్, అంటే ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే సూచనలు, రాస్తుంటారు కదా, రాసేటప్పుడు ఏ మాట దేని గురించో దాని పక్కనే ఉండేలా చూస్కోండి ప్లీజ్. ఇప్పుడు ‘డిలీట్ ద ఫైల్స్ ఇన్ ద ఫోల్డర్ క్రియేటెడ్ యెస్టర్‌డే’ అని రాశారనుకోండి, నిన్న క్రియేట్ అయింది ఫైల్సా, ఫోల్డరా? రాసినవాళ్ళకి తెలుసు, కానీ నైట్ షిఫ్ట్‌లో నిద్రకళ్ళతో అది చదివి కమాండ్ కొట్టేవాళ్ళకి ఎలా తెలుస్తుంది, ఫోల్డరే నిన్నటిది అనుకుంటే అందులో ఉన్నవన్నీ పోతాయి. అదే ‘ఇన్ ద ఫోల్డర్, డిలీట్ ద ఫైల్స్ దట్ వర్ క్రియేటెడ్ యెస్టర్‌డే’ అని తిప్పి రాస్తే ఇంక డౌటే ఉండదు.

‘ఓన్లీ’తో ఇంకా జాగ్రత్త. ‘ఓన్లీ అడ్మిన్స్ కెన్ వ్యూ రిపోర్ట్స్’ అంటే వేరేవాళ్ళెవరూ చూడలేరని, ‘అడ్మిన్స్ కెన్ ఓన్లీ వ్యూ రిపోర్ట్స్’ అంటే అడ్మిన్స్ చూడటం తప్ప ఎడిట్ చెయ్యలేరని, మాట ఒక్క అడుగు జరిగితే పర్మిషనే మారిపోయింది చూడండి. డాక్యుమెంట్ పంపేముందు కంట్రోల్ ఎఫ్ కొట్టి ‘ఓన్లీ’, అలాగే ఎవరు వాడుతున్నారో తేలకుండా చేసే ‘యూజింగ్’ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి చూస్కోండి, ఎక్కువ గొడవలు అక్కడే దొరుకుతాయి.