కోర్టు కాగితం చదువుదాం – 4వ పాఠం: తాళం పగిలిన ఇంటి కేసు

పోయిన పాఠంలో ఎఫ్‌ఐఆర్ చదివాం. ఈసారి అవతలి కొస, అంటే తీర్పు. రాత్రిపూట తాళం పగలగొట్టి చేసిన దొంగతనం మెజిస్ట్రేటు కోర్టులో ఎలా తేలుతుందో, శిక్ష ఎంత పడొచ్చో కాగితం చూసి అంచనా కట్టడమే నేటి సాధన.

ఒక కల్పిత కేసు తీసుకుందాం. ఇంటివాళ్లు ఊరెళ్లి వచ్చేసరికి తాళం విరిగి ఉంది. బీరువాలో బంగారు గొలుసు, వెండి గ్లాసులు లేవు. రెండు నెలల తర్వాత పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. అతను చూపించిన చోట గొలుసు దొరికిందంటున్నారు. వెండి జాడ లేదు.

ముందు నేరం జరిగిన తేదీ చూడండి. ఎఫ్‌ఐఆర్ కట్టిన తేదీ కాదు. 2024 జులై 1కి ముందు జరిగిందైతే పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 457, 380 సెక్షన్లు కనిపిస్తాయి. ఆ రోజు నుంచి జరిగినవాటికి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 331(4), 305. పోలీసులు దీన్నే ‘హెచ్‌బీ బై నైట్’ (హౌస్ బ్రేకింగ్ బై నైట్) అంటారు. పొద్దుగుంకాక, తెల్లవారకముందు దొంగతనం కోసం ఇల్లు పగలగొడితే 331(4) కింద 14 ఏళ్ల దాకా, అదే పగలైతే 331(3) కింద 10 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఇంట్లో దొంగతనానికి 305 కింద 7 ఏళ్ల దాకా. అందుకే రాత్రో పగలో తేల్చే సాక్ష్యం ఉందా అని వెతకండి. ఇంటివాళ్లు మూడు రోజులు ఊళ్లో లేకపోతే ఆ సంగతి ఎవరు చెప్పగలరు?

పద్నాలుగూ ఏడూ కూడి ఇరవై ఒకటి అనుకోకండి. ఈ కేసు సాధారణంగా నడిచేది ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు కోర్టులో. ఆ కోర్టు ఒక నేరానికి వేయగలిగిన జైలు 3 ఏళ్లకు మించదు. అది చాలదనిపిస్తే మెజిస్ట్రేటు తన అభిప్రాయం రాసి కేసును చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటుకు పంపాలి. అక్కడ 7 ఏళ్ల దాకా వేయొచ్చు. కాబట్టి తీర్పు చేతికి రాగానే పైన కోర్టు పేరు చూడండి. ఆ తర్వాత చివరి పేజీలో శిక్షలు ‘ఏకకాలంలో’ అమలవుతాయా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది చూడండి. రెండేళ్లూ రెండేళ్లూ ఏకకాలంలో నడిస్తే రెండేళ్లే.

ఇక అసలు కీలకం: రికవరీ (పోయిన సొత్తు దొరకడం)

నా లెక్కలో ఇలాంటి కేసులు నిలిచేదీ కూలేదీ ఇక్కడే. తాళం పగలగొడుతుంటే చూసినవాళ్లు ఉండరు. క్లూస్ టీమ్‌కు వేలిముద్ర దొరికితే అదృష్టం. మిగిలేది సొత్తు.

పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు. కానీ నిందితుడు కస్టడీలో చెప్పిన మాటవల్ల ఒక విషయం బయటపడితే, ఆ విషయానికి నేరుగా ముడిపడ్డ ముక్క మాత్రం చెల్లుతుంది. ఈ సూత్రానికి కోర్టులు నేటికీ ఎత్తిచూపే తీర్పు గుంటూరు జిల్లా కేసుదే: పుళుకూరి కోటయ్య కేసులో, అప్పట్లో మన ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1946 డిసెంబరులో ఇచ్చింది. మన కేసుకు దాన్ని వర్తింపజేయండి. ‘ఆ ఇంట్లో దొంగిలించిన గొలుసు కాలవ గట్టున పాతిపెట్టాను, చూపిస్తాను’ అని రాసి ఉందనుకుందాం. పాతిపెట్టాను, చూపిస్తాను అన్నది నిలుస్తుంది. ‘ఆ ఇంట్లో దొంగిలించిన’ అన్నది కొట్టేయాలి. పెన్సిల్‌తో నిజంగానే కొట్టేసి, మిగిలింది చదవండి.

తర్వాత మధ్యవర్తులు, అంటే సొత్తు దొరికినప్పుడు పోలీసులు సాక్షులుగా పెట్టుకున్నవాళ్లు. ‘స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టాను’ అని వాళ్లు బోనులో అంటే రికవరీ మొత్తం దర్యాప్తు అధికారి మాట మీదే ఆగుతుంది. అంతమాత్రాన కేసు పోయినట్టు కాదు గానీ, జడ్జి ఆ మాటను మరింత నిశితంగా తూస్తారు. గొలుసు తమదేనని ఇంటివాళ్లు ఎలా చెప్పారు? బరువు, కొక్కెం, అతుకు లాంటి గుర్తులు మొదటి ఫిర్యాదులోనే ఉన్నాయా, గొలుసు దొరికాక పుట్టుకొచ్చాయా?

చోరీ అయిన కొద్దికాలంలోనే ఆ సొత్తు ఒకడి దగ్గర ఉంటే, వాడు సరైన వివరణ ఇవ్వకపోతే, దొంగ గానీ తెలిసి పుచ్చుకున్నవాడు గానీ అయి ఉంటాడని కోర్టు అనుకోవచ్చు. ‘కొద్దికాలం’ ఎంతో చట్టం చెప్పదు. చేతులు మారే నగదుకు రెండు నెలలు ఎక్కువ, పేరు చెక్కిన ఉంగరానికి కాకపోవచ్చు. ఇల్లు పగలగొట్టింది రుజువు కాక, సొత్తు సంగతి మాత్రం నిలిస్తే 317(2) కింద, అంటే చోరీసొత్తు ఉంచుకున్నందుకు, 3 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు.

విచారణ లేకుండా ముగిసే దారులు

‘రాజీ పడితే పోలా?’ అంటారు. మామూలు దొంగతనంలో సొత్తుదారు రాజీ పడొచ్చు. 331(4)కీ 305కీ ఆ వీలు లేదు. ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు ఒప్పందం చేసుకోవడం) కూడా 7 ఏళ్లు మించిన శిక్ష ఉన్న నేరాలకు లేదు గనక 331(4) ఉన్నంతకాలం ఆ తలుపు మూసే ఉంటుంది. నిందితుడు నేరం ఒప్పుకోవడం వేరు, దానికి అడ్డులేదు. రిమాండులోనే నెలల తరబడి ఉన్నవాడికి ఈ దారి దగ్గరగా కనిపిస్తుంది. జైల్లో గడిపిన కాలాన్ని శిక్షలోంచి మినహాయిస్తారు కాబట్టి, తీర్పులో ఏడాది అని ఉన్నా మనిషి అదే వారం బయటికి రావచ్చు. ఆ మినహాయింపు వాక్యం చదవకుండా శిక్ష లెక్క కట్టకండి.

దోషి అని తేల్చాక శిక్ష మీద నిందితుడి మాట వినాలి. వయసు, మొదటి తప్పా కాదా అన్నవి ఈ పేరాలోనే ఉంటాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన బాండు మీద వదలొచ్చు. 21 ఏళ్లలోపు వాడైతే, జైలుకే పంపదలిస్తే ఎందుకో కారణాలు రాయాలి. దీనికి భిన్నంగా, పాత శిక్షలు రుజువైతే శిక్ష పెరగొచ్చు. ‘ఇతని మీద పది కేసులున్నాయి’ అంటే పది శిక్షలు పడ్డాయని కాదు, ఆ తేడా పట్టుకోండి.

సొత్తు పోయినవాళ్లకు ఒక్క మాట: గొలుసు కోసం తీర్పుదాకా ఆగనక్కర్లేదు. కోర్టులో పిటిషన్ వేసి, బాండు రాసి మధ్యంతరంగా తీసుకోవచ్చు. ఫొటోలు, పంచనామా ఉంచుకుని వస్తువులు త్వరగా ఇచ్చేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

సాధన: 2025లో పట్టపగలు, గొళ్లెం పెట్టిన ఇంట్లోకి దూరి 4,000 రూపాయల ఫోను తీసిన 20 ఏళ్ల కుర్రాడు. మొదటి కేసు. ఫోను తిరిగి ఇచ్చేశాడు. 5,000 లోపు చోరీకి, మొదటిసారైతే, సొత్తు తిరిగిస్తే సమాజసేవే శిక్ష అని 303(2)లో ఉంది. ఛార్జిషీటులో మాత్రం 331(3), 305 వేశారు. ఆ వెసులుబాటు ఇతనికి అందుతుందా? గొళ్లెం తీయడం ఇల్లు పగలగొట్టడమేనా? 330వ సెక్షన్ తెరిచి జవాబు రాయండి. వచ్చే పాఠంలో సరిచూసుకుని, అప్పీలు కాగితాల్లోకి వెళదాం.